తల దువ్వుకునేంత మెరుపు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్లు తుపాకులు బాగుచేసి, కుడిచెవి ఇక నా వల్ల కాదని చేతులెత్తేశాక, ముందుగానే పదవీ విరమణ తీసుకున్నవాణ్ని. మా ఆవిడ నేను చెప్పిన ప్రతి మాటలో సగం కోసేసి, మిగిలిన సగాన్ని ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకుంటుంది. మా స్టోర్సు గుమాస్తా కూడా అంతే. నేను ఎనిమిది స్ప్రింగులు కావాలని రాస్తే నాలుగు పంపేవాడు. నాకు కావలసినవీ నాలుగే కాబట్టి పని ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ పెంచినవి చాలా ఉంటాయి. పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఒక్కటే ఉంది. అది ఏదో చివర చెబుతాను.

విరమణకు ముందు ఏడాది, ఫిబ్రవరి రెండో వారంలో, నన్ను పది రోజుల డ్యూటీ మీద ఆర్మూరు పంపారు. నా హోదా ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్. మనుషులకు దవాఖానాలో కాంపౌండరు ఎలాగో, తుపాకులకు ఆర్మరర్ అలాగ. డాక్టరు ఎక్కడో హైదరాబాదులో ఉంటాడు, సూది మందు మాత్రం మేమే వేస్తాం. ఆ చుట్టుపక్కల గార్డుల్లో ఉన్న రైఫిళ్లన్నీ తనిఖీ చేయడం, సాలుకొకసారి జరిగే ఫైరింగులో పక్కన నిలబడి ఏది మొరాయిస్తే దాన్ని విప్పి చూడటం నా పని.

అది పసుపు ఉడకబెట్టి ఎండబెట్టే కాలం. కల్లాలు, ఖాళీ ప్లాట్లు, రోడ్డు అంచులు, ఎక్కడ జానెడు చోటుంటే అక్కడ కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. రెండో రోజుకే నా ఖాకీ చొక్కా ఎలాంటి రంగుకు తిరిగిందంటే, బస్టాండు దగ్గర ఒక ముసలాయన నాకు దండం పెట్టి, స్వామీ ఏ మఠం అని అడిగాడు.

ఫైరింగు ఊరి బయట నల్లరాళ్ల గుట్ట కింద. గురువారం పొద్దున మొదటి వంతు ఒక ఖజానా గార్డుది. ఏ ఖజానా అన్నది మనకు అవసరం లేదు. నలుగురు మనుషులు, నాలుగు సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు. గార్డు కమాండరు హెడ్ కానిస్టేబుల్ లింబాద్రి, వేల్పూరు మనిషి. హోదాలో నాకు సమానం, వయసులో నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. పని ఎక్కువ, మాట తక్కువ. నాకు పూర్తిగా విరుద్ధం.

లింబాద్రి బోర్లా పడుకుని మొదటి గుండు పేల్చాడు. రెండోసారి ట్రిగ్గరు నొక్కితే చప్పుడు లేదు. మొదటి గుండు ఖాళీ కేసు బయటికి ఎగిరిపోకుండా, కిటికీలో తల ఇరుక్కున్న పిల్లిలా బోల్టు దగ్గరే చిక్కుకుని ఉంది. చేత్తో హ్యాండిలు లాగి దాన్ని పడేసి, ఇంకొకటి పేల్చాడు. మళ్లీ అదే. పది గుండ్లకు పదిసార్లు లాగాడు. పక్క మూడు రైఫిళ్లదీ అదే వరస. దానంతట అదే లోడు చేసుకోవాల్సిన తుపాకిని నలుగురు మనుషులు చేదబావి తోడినట్టు తోడుతున్నారు.

వెనక కుర్చీలో కూర్చున్న రిజర్వ్ ఇన్‌స్పెక్టరు, మేం ఆర్.ఐ. అంటాం, లేచి వచ్చాడు.

"లింబాద్రీ, గది రైఫిలా, రోకలా?"

లింబాద్రి అటెన్షన్‌లో నిలబడి, "రైఫిలే సార్" అన్నాడు.

"ఖజానా మీద ఎవడన్న పడితే ఏం జేస్తవ్? జర ఆగు బిడ్డా, బోల్టు గుంజుకోని వస్త అంటవా?"

ఆర్.ఐ. నా వైపు తిరిగి చెప్పిన దాని సారాంశం ఇది. నాలుగు రైఫిళ్లు ఒకే గార్డులో, ఒకే తీరుగా చెడిపోవడమంటే ఏడాదంతా శుభ్రం చేయలేదనే. ఆయుధం నిర్లక్ష్యం చేసినందుకు మెమో కాగితం టైపు కొట్టించి ఉంచుతాడు. కారణం అన్న చోట ఖాళీ వదులుతాడు. రేపు పొద్దున పది గంటలకల్లా నా రిపోర్టు వస్తే ఆ ఖాళీలో అది నింపుతాడు.

పదిహేను రోజుల్లో ఏ.ఎస్.ఐ. ప్రమోషన్ల జాబితా రాబోతోంది. లింబాద్రి పేరు అందులో ఉంది. మెమో నడుస్తూ ఉంటే పేరు కొట్టేస్తారు. ఆయనకు మిగిలిన సర్వీసు పద్నాలుగు నెలలు, అంటే ఆయన బతుక్కి అదే ఆఖరి జాబితా. ఈ సంగతి ఫైరింగు దగ్గరున్న అందరికీ తెలుసు. లింబాద్రి మాత్రం ఖాళీ కేసులు ఏరి లెక్క అప్పజెప్పాడు.

నాకు కాలు ఒకచోట నిలవలేదు. రోగం తెలియనప్పుడు నేను కూర్చోలేను. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేస్తూ అయిదు నిమిషాల్లో ఒక సిద్ధాంతం తయారుచేశాను. పసుపు పొడి! గాలిలో ఇంత పసుపు ఉంటే అది తుపాకి ముక్కులో పోకుండా ఎక్కడికి పోతుంది? ఈ మాట పక్కనున్న చాయ్ హోటల్లో ఇద్దరికి చెప్పాను. మధ్యాహ్నానికి అది వేల్పూరు దాకా పోయి, మెండోర మీదుగా తిరిగి నా దగ్గరికే వచ్చింది. "పసుపు బస్తా అడ్డం పెడితే గుండు ఆగుతదట గద సార్, నిజమేనా?" అని పాన్‌డబ్బా అతను నన్నే అడిగాడు.

ఇక్కడ రైఫిలు లోపలి సంగతి కొంచెం చెప్పాలి. గుండు గొట్టంలో పరుగెడుతుంటే దాని వెనక మందు కాలిన గ్యాసు తోసుకొస్తుంది. గొట్టం మీద ఒకచోట సన్నటి రంధ్రం ఉంటుంది. అందులోంచి కొంత గ్యాసు పైనున్న సిలిండరులోకి పోయి, పిస్టన్ అనే ఇనుప కడ్డీని వెనక్కి కొడుతుంది. పిస్టన్ బోల్టును కొడుతుంది. బోల్టు వెనక్కి పోతూ ఖాళీ కేసును విసిరేసి, ముందుకొస్తూ కొత్త గుండును ఎక్కిస్తుంది. దారిలో ఎక్కడ గ్యాసు కారిపోయినా దెబ్బ చాలదు, బోల్టు సగం దూరం పోయి తిరిగొస్తుంది. సైకిలు పంపులో వాచరు అరిగితే ఎంత కొట్టినా చక్రం నిండదు చూడండి, ఇదీ అంతే. మా భాషలో దీన్ని షార్ట్ రీకాయిల్ అంటారు.

నాలుగు రైఫిళ్లనూ ఒక దుప్పటి మీద విప్పాను. పసుపు పొడి కోసం భూతద్దంతో వెతికాను. గ్యాసు రంధ్రంలో లేదు, రెగ్యులేటరులో లేదు, ఎక్కడా లేదు. ఆ పొద్దున పట్టిన మసి తుడిచేస్తే, పాత మసి కూడా లేదు. మా ఆవిడ పూజ గిన్నెలు కూడా అంత శుభ్రంగా ఉండవు. ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించకండి. ఆర్.ఐ. సిద్ధాంతం, నా సిద్ధాంతం ఒకేసారి చచ్చిపోయాయి.

వరసగా చూసుకుంటూ పోయాను. ముందు మందుగుండు. అదే పెట్టెలోని గుండ్లు నేను వెంట తెచ్చుకున్న పరీక్ష రైఫిలులో వేసి పేలిస్తే ఖాళీ కేసులు కుడివైపు నాలుగు గజాల దూరంలో పడ్డాయి. మందుగుండు మంచిదే. తర్వాత గ్యాసు రెగ్యులేటరు. అది తిప్పే రింగు, తుపాకికి ఎంత గ్యాసు అందాలో దానితో సర్దుకోవచ్చు. పూర్తిగా బిగించి మొత్తం గ్యాసు ఇచ్చినా లింబాద్రి రైఫిలు ముక్కుతూనే ఉంది. ముందున్న గ్యాస్ ప్లగ్గు బిగువుగానే ఉంది, సిలిండరుకు పగుళ్లు లేవు. అప్పుడు పిస్టన్ బయటికి తీసి, మూడు గుండ్ల తర్వాత మసి ఎక్కడ పట్టిందో చూశాను. గ్యాసు ఎటు పోతే మసి అటు అంటుకుంటుంది, దానికి అబద్ధం ఆడటం రాదు. పిస్టన్ తల మీద ఉండాల్సిన మసి, మెడ దాటి కడ్డీ సగం దాకా పాకి ఉంది. అంటే గ్యాసు పిస్టన్‌ను కొట్టకుండా దాని పక్కనుంచి జారిపోతోంది.

ఇక మిగిలింది ఒకే పరీక్ష. లింబాద్రి పిస్టన్ నా రైఫిలులో, నా పిస్టన్ ఆయన రైఫిలులో. నా రైఫిలుకు జ్వరం వచ్చింది. ఆయన రైఫిలు లేచి కూర్చుంది. ఆనందంతో నేను ఎగిరిన ఎగురుకు గుట్ట మీది కోతులు రెండు దిగి వచ్చాయి.

పిస్టన్ తలలను కొలిచాను. నాలుగూ సన్నబడ్డాయి. అంచులు పదునుగా ఉండాల్సినవి సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉన్నాయి. అయితే సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఏడాదికి ఒకసారి పేలే గార్డు తుపాకిలో పిస్టన్ అరగాలంటే మూడు తరాలు పడుతుంది. అందులోనూ నాలుగూ ఒకే తీరుగా అరగవు. ఎవరో, ఎక్కడో, ఒకే రోజున, నాలుగింటినీ కలిపి ఏదో చేశారు. పిస్టన్ మెడ దగ్గరి సందులో సూది పెట్టి గీకితే చిటికెడు పొడి రాలింది. పచ్చగా ఉంది. నాలుక మీద వేసుకున్నాను. తుపాకి నూనె వాసనతో, ఖాయంగా పసుపు.

లింబాద్రిని అడిగాను. ఆయన పిస్టన్‌ను కాసేపు తిప్పి చూసి, "సాఫ్ జేసినం తమ్మీ. చెయ్యలే అంటే జెప్పు" అన్నాడు. పిస్టన్ నా చేతిలో పెట్టి గార్డు రూముకు పోయాడు.

సాయంత్రం అయిదున్నర. నిలవలేక ఆలూరు రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. ఊరు దాటగానే ఒక కల్లం పక్కన ట్రాక్టరుకు తగిలించిన జల్లెడ డ్రమ్ము ధడధడమని తిరుగుతోంది. ఎండిన కొమ్ములను అందులో పోసి తిప్పితే ఒకదానికొకటి, జల్లెడకు రాసుకుని పైపొట్టు రాలి నిగనిగలాడతాయి. పాలిష్ డ్రమ్ము అంటారు. అరవై ఏళ్ల లక్కవ్వ గోనెసంచుల మీద కూర్చుని దాన్ని నడిపిస్తోంది. ఆ దుమ్ములో ఆవిడ కనుబొమ్మలు కూడా పచ్చగా ఉన్నాయి.

ఊరికే నిలబడ్డవాణ్ని చూసి, "ఏం సారు, నిన్ను గూడ ఏసి తిప్పాల్నా? మంచిగ మెరుస్తవు" అంది.

ఎంతసేపు తిప్పుతారని అడిగాను.

"ఎంతసేపు తిప్పితే గంత మెరుస్తయి. గని ఎంత మెరిస్తే గంత సన్నగైతయి, తూకం తగ్గుతది. మెరుపు యాడికెళ్లి వస్తది సారు? కొమ్ములకెల్లే గద రావాలె."

నా చేతిలో పిస్టన్ ఉంది. దాన్ని పైకెత్తి చూపించాను. లక్కవ్వ దాన్ని చూసీ చూడగానే ట్రాక్టరు ఆపమని చెయ్యి ఊపింది.

"ఓ, గీ పుల్లలా? పోయిన నెల డేవిడ్ సంచిల ఇసుక, గివి నాలుగు కట్టుకొచ్చి ఏసిండు. మా ఊరి పిలగాడాయె, పోలీసాయె, వద్దంటే యాడ అయితది? మూడు డ్రమ్ములు దిగేదాక లడలడ లడలడ. డ్రమ్ము జాలి సొట్టబోయింది. అతుకు పెట్టిపిస్తనని పోయినోడు మల్ల మొకం సూపలే. కనబడితే జెప్పు, లక్కవ్వ యాది జేస్తున్నదని."

డేవిడ్ లింబాద్రి గార్డులో కానిస్టేబులు. ఆరడుగుల మనిషి. నేను గార్డు రూములోకి పోయి లక్కవ్వ యాది చేస్తున్నదని మాత్రమే అన్నాను. ఆరడుగులు అయిదయ్యాయి.

"తప్పయింది సార్. చేత్తోని రుద్దితే మెరుపు వస్తలేదు. డ్రమ్ముల కొమ్ములు అంత మంచిగ వస్తున్నయి గదా అని..."

తనిఖీ దగ్గరపడుతోందని, పోయిన నెల తుపాకులు శుభ్రం చేసే రోజున పిస్టన్లు విప్పి, పగలంతా అతను వాటిని కల్లంలో తిప్పించాడు. ఆ పగలంతా ఖజానా ముందు నిలబడ్డ నాలుగు రైఫిళ్లకు పిస్టన్లు లేవు. ఒక్కొక్క గుండు చేత్తో ఎక్కించుకుంటే పేలేవి, అంతే. రూలు ప్రకారం ఆయుధంలోని చిన్న స్క్రూ కూడా గార్డు గడప దాటకూడదు.

లింబాద్రి మంచం మీంచి లేచాడు. "వాణ్నేమనకు తమ్మీ. పో అన్నది నేనే" అన్నాడు.

"ఎందుకన్నవన్నా? ముప్పై ఏండ్లు రైఫిలు మోసినోడివి."

"ఇన్‌స్పెక్షన్ల మెరుపు లేదని రాసిండ్రు. మల్ల రాయించుకునుడు ఎందుకని."

ఎవరు రాశారని నాకు అనుమానం వచ్చింది. వెంటనే తనిఖీ రిజిస్టరు తెప్పించుకుని కిందటేడు పేజీ తిప్పాను. ఎర్ర సిరాతో ఇలా ఉంది: "పిస్టన్లు పాడుబావి గిలకల్లా ఉన్నవి. పిస్టన్‌లో చూసుకుని తల దువ్వుకునేంత మెరుపు ఉండవలెను. వచ్చే తనిఖీలో స్వయంగా దువ్వుకొని చూచెదను." కింద సంతకం నాది. నా తల మీద దువ్వుకోవడానికి ఏమీ లేదన్నది వేరే సంగతి.

ఆ పిస్టన్లకు ఏ జబ్బూ లేదు. పాత పిస్టన్ నల్లబడుతుంది, అది దాని వయసు. కొలత సరిగా ఉంటే నలుపుతో తుపాకికి పనిలేదు. ఆ రోజు నేను కొలవనే లేదు. భోజనానికి ఆలస్యమవుతుంటే ఒక చమత్కారం రాసి సంతకం పెట్టి పోయాను. ఊళ్లో నా మాటను సగం కోసి వినేవాళ్లే అందరూ. ఆ గార్డులో మాత్రం అక్షరాలా చదివారు.

మర్నాడు తొమ్మిదిన్నరకే సింహంలా ఆర్.ఐ. ఆఫీసుకు నడిచాను. నా బూట్ల చప్పుడుకు వరండాలోని గుమాస్తాలు లేచి నిలబడ్డారు. రిపోర్టు బల్ల మీద పెట్టాను. నాలుగు పిస్టన్లు అతిగా పాలిష్ చేయడం వల్ల అరిగి గ్యాసు కారుతోంది. పాలిష్ గార్డు బయట జరిగింది. అలా చేయడానికి కారణం ఆర్మరర్ కిందటేడు రాసిన తప్పుడు వ్యాఖ్య. వెంట తెచ్చిన కొత్త పిస్టన్లు వేసి పరీక్షించడమైనది, రైఫిళ్లు నాలుగూ సరిగా పనిచేస్తున్నవి.

ఆర్.ఐ. రెండుసార్లు చదివాడు. నవ్వు ఆపుకోవడానికి మూడుసార్లు దగ్గాడు. "పిస్టన్లను పసుపు డ్రమ్ముల ఏసిండ్రా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా టైపు కొట్టించిన మెమోలో లింబాద్రి పేరు కొట్టేసి నా పేరు రాశాడు. లింబాద్రిని మందలించి వదిలాడు. డేవిడ్‌కు వారం రోజులు అదనపు పరేడు పడింది, లక్కవ్వ జల్లెడకు అతుకు కూడా పడింది. జాబితా వచ్చినప్పుడు లింబాద్రి పేరు అందులోనే ఉంది. పద్నాలుగు నెలలు భుజం మీద నక్షత్రంతో పనిచేసి దిగిపోయాడు. నా మెమోకు నేను నాలుగు పేజీల సంజాయిషీ రాస్తే, రెండు పేజీలు చదివి మూసేశారు.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. గ్యాసు కారుతోందని అనుమానం వస్తే మసి ఎటు పాకిందో చూడండి, మంచి భాగం ఒకటి మార్చి వేసి చూడండి, తర్వాతే నోరు తెరవండి. రిజిస్టరులో మెరుపు గురించి రాయకండి, కొలత రాయండి. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో నా ఎర్ర సిరాతో అంకెలు తప్ప ఒక్క ఉపమానం రాయలేదు. అవన్నీ దాచుకుని ఇప్పుడు ఇక్కడ ఖర్చు పెడుతున్నాను.

కల్పించింది ఏదో చెబుతానన్నాను. మీరు డ్రమ్ము అనుకుని ఉంటారు. డ్రమ్ము నిజం, లక్కవ్వ మాటలు నిజం, కోతులు కూడా నిజమే, ఒక కోతిని తగ్గించుకోండి. కల్పించింది రిజిస్టరు దగ్గర. నేను దాన్ని తెప్పించుకోలేదు. ఎవరు రాశారని అడగనూ లేదు, ఎందుకంటే లింబాద్రి ఆ మాట అనగానే నాకు గుర్తొచ్చింది. ఆ రాత్రి నేను రాసిన రిపోర్టులో కారణం అన్న చోట "గార్డు నిర్లక్ష్యం" అని రాసి, మడిచి, జేబులో పెట్టుకుని పడుకున్నాను. మర్నాడు ఆర్.ఐ. ఆఫీసుకు సింహంలానూ పోలేదు, ఎవరూ లేచి నిలబడలేదు. వరండాలో లింబాద్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో రిజిస్టరు ఉంది. పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"తమ్మీ, అద్దాలు గార్డు కాడ మర్సిన. గీ నాలుగు ముక్కలు జర సదివిపెట్టు."

చదివాను. పైకి, చివరి దాకా, సంతకంతో సహా చదివాను. ఆయన విని, తల ఊపి, రిజిస్టరు మూసుకున్నాడు. నేను జేబులోని కాగితం చించేసి, ఆ బెంచీ మీదే కూర్చుని ఇంకొకటి రాశాను.

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఇందులో పెంచింది ఏమీ లేదు.